మరల మట్టిదారి పట్టువారికి



ఇరువదేండ్ల ప్రాయమున యమహా ఆర్‌ఎక్స్ 100 మీదనో, మైసూరు కర్మాగారమున పుట్టిన యెజ్డీ మీదనో చెరువుకట్టలు, గుట్టల అంచులు, ఎండిన వాగుల ఇసుకమేటలు తనివితీర తిరిగి, ఆ పిమ్మట ఉద్యోగము, వివాహము, ఇంటి అప్పు, పిల్లల చదువులు అను వరుసలో పడి, ఆ ముచ్చటను అటకెక్కించినవారు మనలో చాలమంది కలరు. అట్టివారికి నలుబదియైదవ యేటనో ఏబదవ యేటనో ఒక ఆదివారపు టుదయమున ఆ పాత కోరిక మరల తల యెత్తును. క్రొత్తబండికి రెండు మూడు లక్షలు పోయుటకు మనసొప్పదు. మనసొప్పినను ఇంటిలో ఒప్పరు. కావున చూపు సెకండ్ హ్యాండు బండి వైపు మరలుట సహజము. ఆ విధముగా మరల మట్టిదారి పట్టదలచినవారు పాతబండిని ఎట్లు ఎన్నుకొనవలెనో నాకు తెలిసినంత మేరకు విన్నవించుటయే ఈ ప్రసంగ విషయము.

నేను ముఖ్యముగా చెప్పదలచినది ఇది: మన జ్ఞాపకమునకు నచ్చు బండి వేరు, మన మోకాళ్లకు తగు బండి వేరు, కొనవలసినది రెండవది. 1985 నుండి 1996 వరకు మన దేశమున తయారైన ఆ ఆర్‌ఎక్స్ 100 బరువు ఇంచుమించు నూరు కిలోలు. దాని నెక్కి తిరిగిన కుఱ్ఱవాని బరువు ఏబదియైదో, అరువదియో. నేడు సంతకు వచ్చు మట్టిదారి బండ్లలో అధికభాగము నూటయేబది కిలోలకు పైబడినవి. ఎక్కబోవు పెద్దమనిషియు ఎనుబదికి తగ్గడు. తారురోడ్డు మీద బండి పడుట ఒక ప్రమాదము. మట్టిదారిలో అది నిత్యకృత్యము. రాళ్లవాలున, మధ్యాహ్నపు టెండలో, మూడవసారి పడిన బండిని మరల లేపవలసిన ఘడియలో గుఱ్ఱపుబలమెంత, టాపు స్పీడెంత అను ప్రశ్నలు ఎవనికిని గుర్తుకు రావు. ఇది ఎంత బరువురా భగవంతుడా అను ఒక్క ప్రశ్న మాత్రమే మిగులును. కావున బండిని చూడబోవునపుడు ఇంజను శక్తిని గూర్చి కాక బరువును గూర్చియు, సీటు ఎత్తును గూర్చియు ముందుగా విచారింపుడు.

మోటారు సైకిళ్లను బాట దింపి పరుగెత్తించు వేడుక నూరేండ్ల నాటిది. 1924 మార్చిలో ఇంగ్లండునందలి కాంబర్లీ బీడునేలలలో జరిగిన పందెమును దానికి ఆరంభముగా చెప్పుదురు. అమెరికాలో 1968 ప్రాంతమున యమహావారు డీటీ-1 అను 250 సీసీ బండిని దింపి, వారమంతయు పనికిని, ఆదివారము అడవిదారికిని ఒకే వాహనము చాలునని సామాన్యునకు రుచి చూపిరి. మనకు ఆ రుచి మిక్కిలి ఆలస్యముగా దక్కినది. రోడ్డుకొఱకు చేసిన బండికే గళ్ల టైర్లు తొడిగి, సైలెన్సరు పైకి వంచి, మడ్‌గార్డు ఎత్తి బిగించి మనవారు చాలకాలము సరిపెట్టుకొనిరి. 2011లో హీరో సంస్థ ఇంపల్స్ అను 150 సీసీ బండిని తెచ్చినది. బరువు 134 కిలోలు, ఎత్తయిన నడుము, పొడవైన ఫోర్కులు. కాలమునకు ముందు పుట్టిన బండి యగుటచే కొన్నవారు తక్కువ, కొన్ని యేండ్లకే తయారీ ఆగిపోయినది. కాని తెలిసినవారు దానిని నేటికిని వెదకి కొనుచున్నారు. దాని ఇంజను అదే సంస్థవారి హంక్, ఎక్స్‌ట్రీమ్ బండ్ల జాతిదే గనుక లోపలి సామాను ఏ యూరి మెకానిక్కునకైనను దొరకును. ప్లాస్టిక్కు భాగములు, సస్పెన్షను సామాను మాత్రము విజయవాడ ఆటోనగరమంతయు గాలించినను దొరకునను పూచీ లేదు.

తరువాతిది 2019 మే నెలలో హీరో సంస్థయే తెచ్చిన ఎక్స్‌పల్స్ 200. ముందు 21 అంగుళములు, వెనుక 18 అంగుళములు గల పుల్లల చక్రములు, ముందు ఫోర్కునకు 190, వెనుక షాక్‌నకు 170 మిల్లీమీటర్ల కదలిక, 220 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్సు, 823 మిల్లీమీటర్ల సీటు ఎత్తు. 2020 ఏప్రిల్ నాటి బీఎస్-6 నిబంధన మొదలు అన్నియు ఫ్యూయల్ ఇంజెక్షనువే. అంతకుముందు కార్బురేటరువి కూడ కలవు. 2021 చివరలో నాలుగు వాల్వుల ఇంజను వచ్చినది. ఇచ్చట ఒక హెచ్చరిక: ఎక్స్‌పల్స్ 200టీ అను పేరుతో మరియొకటి కలదు, అది అల్లాయ్ చక్రములతో, తక్కువ ఎత్తుతో రోడ్డుకొఱకే చేసినది. అమ్మకపు ప్రకటనలలో ఆ చివరి అక్షరము తరచుగా మాయమగుచుండును. అట్లే ర్యాలీ ఎడిషను పేర పొడవైన సస్పెన్షనుతో వచ్చినవి కొన్ని కలవు. వాని సీటు ఎత్తు సుమారు 890 మిల్లీమీటర్లు. అయిదడుగుల అయిదంగుళముల మనిషి దాని నెక్కి సిగ్నలువద్ద నిలిచినచో ఒక కాలి బొటనవ్రేలి మీదనే లోకమంతయు ఆధారపడి యుండును.

2016లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్‌ను మెచ్చువారు మెండు. 411 సీసీ ఇంజను, 800 మిల్లీమీటర్ల సీటు, కూర్చుండగనే కలుగు ధైర్యము—ఇవన్నియు నిజమే. లడాఖు వంటి దూరప్రయాణమునకు అది సుఖవాహనము. కాని దాని బరువు రెండువందల కిలోలకు చేరువ. వికారాబాదు గుట్టల రాళ్లలో పడినచో లేపుటకు ఇద్దరు కావలెను. అది ప్రయాణికుని బండి, మట్టిదారి బండి కాదని నా అభిప్రాయము. ఈ మాటకు కోపగించుకొను మిత్రులు నాకు చాలమంది కలరు. 2024 డిసెంబరులో కవాసాకీ కేఎల్‌ఎక్స్ 230 మన దేశమునకు వచ్చినది; బరువు నూటనలుబది కిలోలకు లోపలనే. పాతబండ్ల విపణిలోనికి అది ఇంకను సరిగా దిగలేదు. దిగిననాడు ఎక్స్‌పల్స్‌కు తగిన పోటీ యగును.

ఇక కొందరికి నేరుగ పందెపుబండి మీదికే మనసు పోవును. కేటీఎం, యమహా, కవాసాకీ సంస్థల మోటోక్రాస్ బండ్లు బెంగుళూరు, పూణె, కోయంబత్తూరు ప్రాంతముల క్రీడాకారుల చేతులనుండి అప్పుడప్పుడు అమ్మకమునకు వచ్చును. నూటపది కిలోలకు అటునిటు బరువు, పువ్వువలె తేలును—అంతవరకు ఆకర్షణయే. అయితే అవి గంటల లెక్కన బ్రతుకు యంత్రములు. మీటరుపై కిలోమీటర్లు కాక ఇంజను తిరిగిన గంటలు లెక్కించి, పదుల గంటలకొకసారి పిస్టను మార్చుచుండవలెను. రెండు స్ట్రోకుల ఇంజనయినచో ఆ పని సులువు, ఖర్చు తక్కువ. 1998లో యమహా వైజెడ్ 400ఎఫ్ వచ్చిన తరువాత మోటోక్రాస్ లోకము నాలుగు స్ట్రోకుల వైపు ఒరిగినది గాని, ఆ ఇంజను ఒకమారు చెడినచో వాల్వులు, క్యాము, పిస్టను అన్నియు కలిపి చేయు బిల్లు చూచి వేరొక బండి కొనుటయే నయమనిపించును. పైగా వానికి రిజిస్ట్రేషను లేదు, రోడ్డెక్కరాదు, ట్రాలీమీద ప్రైవేటు ట్రాకువరకు మోసికొనిపోవలసినదే. దిగుమతి చేసిన బండియైనచో కస్టమ్సు బిల్లు ఆఫ్ ఎంట్రీ చూపనివానితో బేరమే చేయవలదు. ఇరువదేండ్ల విరామము తరువాత మరలి వచ్చువానికి ఇది మొదటిబండి కాదు. రెండవదియో, మూడవదియో కావచ్చును.

ఇప్పుడు అసలు పరీక్షకు వత్తము. సంతలో ఎద్దును కొను రైతు దాని కొమ్ములకు పూసిన రంగును చూడడు. పండ్లు లెక్కించును, నడిపించి చూచును, అరకకు కట్టి చూచును. మనమును అట్లే చేయవలెను. మొదట అమ్మువానికి ఫోను చేసి, నేను వచ్చువరకు బండి స్టార్టు చేయవలదని చెప్పుడు. పోయిన వెంటనే ఇంజనుపై అరచేయి ఉంచుడు. అది వెచ్చగా నున్నచో, చల్లని ఇంజను చూపించుటకు అతనికి ఇష్టము లేదన్నమాట. చల్లని ఇంజను స్టార్టైన మొదటి నిమిషములో చెప్పు రహస్యములు వెచ్చబడిన పిమ్మట చెప్పదు. సైలెన్సరునుండి ఉదయపు తేమతో తెల్లని ఆవిరి కొంచెము వచ్చి ఆగిపోయినచో చింత లేదు. నీలిపొగ వచ్చుచునే యున్నచో ఆయిలు కాలుచున్నది, బోరు పనియో వాల్వు సీళ్ల పనియో తప్పదు. నల్లపొగ పెట్రోలు ఎక్కువగుటకు గుర్తు.

ఆ పిమ్మట, దయచేసి, ఎయిర్ ఫిల్టరు విప్పించుడు. ఈ ఒక్క పని చేయకుండ బండి కొన్నవారు నాకు తెలిసి చాలమంది పశ్చాత్తాపపడిరి. మట్టిదారి బండికి శత్రువు రాయి కాదు, నీరు కాదు, దుమ్ము. వేసవిలో ఒకని వెనుక ఒకడు పోవుచుండగా ముందువాని చక్రము లేపిన మెత్తని ధూళిని వెనుకవాని ఇంజను గంటలకొలది పీల్చుచుండును. ఫిల్టరు చిరిగియుండినను, అంచు సరిగా కూర్చుండకున్నను, ఆ ధూళి ఆయిలుతో కలిసి సానపట్టు పిండివలె సిలిండరును లోపలినుండి అరగదీయును. కావున ఫిల్టరు తీసి, దానికి ఇంజను వైపున నున్న గొట్టము లోపలి గోడను శుభ్రమైన వ్రేలితో తుడిచి, ఆ వ్రేలిని బొటనవ్రేలితో రాపిడి చేసి చూడుడు. నునుపుగా ఉన్నచో యజమాని శ్రద్ధాళువు. ఇసుక గరగరలాడినచో, ట్యాంకుపై ఎంత మెఱుగు పెట్టినను, సీటు ఎంత క్రొత్తదైనను, ఆ బండికి నమస్కారము పెట్టి వెనుదిరుగుడు. కొందఱు అమ్మకందారులు ఇంతలోనే విసుగుకొందురు. ఆ విసుగు కూడ ఒక సమాచారమే.

హైదరాబాదులో ఒక బండి చూడబోయినపుడు అమ్ము యువకుడు నాతో ఎంతో నిబ్బరముగా, "అన్నా, బండిని మట్టిల దింపనే లేదు, ఆఫీసుకే తిప్పిన" అనెను. నేను మారు పలుకక నేలపై కూర్చుండి, ఇంజను క్రింది రక్షణపు రేకును చూచితిని. దానిపై ముందునుండి వెనుకకు పొడవుగా నాలుగు గీతలు, రాయి మెత్తగా కొఱికిన ఒక గుంట, ఆ గుంటలో ఎఱ్ఱమన్ను కనబడినవి. ఏ ఆఫీసు దారిలో ఆ రాయి ఉన్నదో నేనడుగలేదు. అతడు మాత్రము నా చూపు పోయిన చోటికే తానును చూచి, "అంటే... ఒక్కసారి మా తమ్ముడు తీస్కపోయిండు" అనెను. రేకుపై గీతలుండుట తప్పు కాదు. మట్టికి పుట్టిన బండి మట్టిలో తిరుగుటయే ధర్మము. ఆ రేకును మించి చట్రమునకు దెబ్బ తగిలినదా అనునదే ప్రశ్న. చట్రము తలవద్ద అతుకుల చుట్టు రంగు పగిలినదేమో, ఫుట్‌రెస్టు బిగించిన చోట మరల వెల్డింగు చేసిరేమో, హ్యాండిలు పూర్తిగా త్రిప్పినపుడు ఆపు చిన్న దిమ్మె వంగినదేమో చూడుడు. ఆ దిమ్మె వంగినదనగా బండి ముందుభాగముపై గట్టిగా పడినదని అర్థము.

బండిని స్టాండుపై నిలిపి, ఒకరిచేత వెనుకభాగము నొక్కించి, ముందు చక్రము గాలిలో లేచునట్లు చేయుడు. హ్యాండిలును మెల్లగా అటునిటు త్రిప్పినపుడు సరిగా నడుమ చిన్న పట్టు తగిలినచో కోన్ సెట్టు పోయినది. ఫోర్కు అడుగుభాగము పట్టుకొని ముందువెనుకలకు లాగి కదలిక పరీక్షింపుడు. ఫోర్కు మెఱుపు గొట్టములపై ఆయిలు వలయము కనబడినచో సీళ్లు పోయినవి; అది చిన్న ఖర్చు. గొట్టముపై త్రుప్పు గుంటలు గోటికి తగిలినచో అది పెద్ద ఖర్చు. ఎన్ని సీళ్లు వేసినను అవి కోయుచునే యుండును. వెనుక చక్రమును ప్రక్కలకు నెట్టి స్వింగ్ ఆర్మ్ బేరింగుల ఆటను, పైకెత్తి లింకేజీ ఆటను చూడుడు. అక్కడ గ్రీజు పెట్టువారు అరుదు, ప్రెషరు నీటితో కడుగువారు మెండు. చక్రము త్రిప్పుచు పుల్లలను స్పానరుతో ఒక్కొక్కటిగా మీటినచో బిగువైనవి ఖణఖణమనును. వదులైనది బొంగురుగా పలుకును. పళ్లచక్రము దంతములు ఒకవైపు వంకరగా కొక్కెములైనచో చైను, స్ప్రాకెట్లు అన్నియు మార్చవలసినవే. కాని ఇవి భయపడవలసినవి కావు, ధర తగ్గించుటకు పనికివచ్చునవి.

బండి ఏ సీమనుండి వచ్చినదో తెలిసికొనుట మంచిది. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీర నగరములలో బ్రతికిన బండికి పుల్లల మొదళ్లయందు, సైలెన్సరు లోపలివైపున, వైర్ల కనెక్టర్లయందు ఉప్పుగాలి త్రుప్పు దాగియుండును. బాపట్ల ఇసుకలో అలల అంచున ఫొటో తీయించుకొన్న బండియైనచో మరింత. నల్లరేగడి సీమల బండి కడిగినకొలది శుభ్రమైనట్లు కనబడును గాని, ముందు స్ప్రాకెట్టు మూత విప్పినచో ఎండిన రేగడి ఇటుకవలె గడ్డకట్టియుండును. ఆ మూత వెనుకనే అవుట్‌పుట్ షాఫ్టు సీలు కలదు. అక్కడ ఆయిలు కారుచున్నదో లేదో ఆ గడ్డ రాలగొట్టినగాని తెలియదు.

అంతయు చూచిన పిమ్మట మీరెక్కి కూర్చుండుడు. మీ బరువునకు వెనుక సస్పెన్షను తన కదలికలో మూడవవంతు వరకు దిగుట ఉచితము; అనగా 170 మిల్లీమీటర్ల కదలిక గలదానికి సుమారు 55 మిల్లీమీటర్లు. చక్రపు ఇరుసునుండి వెనుక మడ్‌గార్డుపై ఒక గుర్తువరకు, ఎవరును ఎక్కకమునుపు వెనుక చక్రము గాలిలో ఎత్తి ఒకసారి, మీరెక్కిన తరువాత ఒకసారి టేపుతో కొలిచినచో తెలిసిపోవును. మిక్కిలి దిగిపోయినచో ప్రీలోడు బిగించి చూడుడు. అప్పటికిని కుదరకున్నచో గట్టి స్ప్రింగు వేయించుకొనవలెను. కుఱ్ఱతనపు బండిపై ఈ చింత మనకు లేదు, ఇప్పుడు కలదు. ఆ పిమ్మట పెగ్గులమీద నిలువబడి మెల్లగా నడుపుడు. చూపు సూటిగా నుండి, బండి సూటిగా పోవుచు, హ్యాండిలు మాత్రము ప్రక్కకు తిరిగినట్లున్నచో ఫోర్కులు మెలితిరిగినవి. క్లాంపులు వదలించి సరిచేయగల లోపమా, గొట్టమే వంగినదా అనునది మెకానిక్కును తోడుకొనిపోయినగాని తేలదు.

కాగితముల విషయము విసుగు పుట్టించునదే గాని విడువరాదు. ఆర్‌సీలోని చాసిస్ సంఖ్యను బండి తలపై చెక్కిన సంఖ్యతో స్వయముగా పోల్చుకొనుడు. ఫైనాన్సు మీద కొన్నదైనచో ఫారము 35తో హైపోథికేషను తొలగించిన పిమ్మటనే సొమ్ము చేతికీయుడు. 29, 30 ఫారములపై సంతకములు తీసికొని, కొన్న ముప్పది దినములలోపల మీ పేర మార్పించుకొనుడు. అమ్మినవాడు అదే రాష్ట్రములో పదునాలుగు దినములలోపల తెలియజేయవలెనని మోటారు వాహనముల చట్టము. బెంగుళూరు బండి చౌకగా వచ్చినదని సంతోషించువారు ఎన్ఓసీ, ఇచ్చటి లైఫ్ ట్యాక్సు కలిపి లెక్క వేసికొనుడు. ప్రమాదము జరిగినచో నష్టపరిహారపు బాధ్యత రిజిస్టరులో పేరున్నవానిదేయని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది గనుక, అమ్మువానికిని ఈ పేరు మార్పు మీకంటె అవసరము. ఈ మాట నెమ్మదిగా చెప్పినచో ఎంతటి బద్ధకస్థుడైనను ఆర్‌టీఏ కార్యాలయమునకు వచ్చును. మార్చిన సైలెన్సరు, మార్చిన లైట్లు గల బండియైనచో అసలు సామాను కూడ అడిగి తీసికొనుడు. కంపెనీ చేసిన రూపమును మార్చి రోడ్డుమీద తిప్పుటకు మోటారు వాహనముల చట్టమే ఒప్పదు.

నన్ను ఒక్కమాటలో తేల్చుమన్నచో, 2020 తరువాతి ఎక్స్‌పల్స్ 200, ఒకే యజమాని వాడినది, మార్పులు చేయనిది, క్రింది రేకుపై గీతలున్నను ఫిల్టరు గొట్టము నునుపుగా నున్నది—దానిని కొనుమని చెప్పుదును. నడుము నొప్పివారు ఓపిక యుండినచో మంచి ఇంపల్స్‌ను వెదకుకొనవచ్చును. మీరు కేటాయించిన సొమ్ములో నాలుగవవంతు ముట్టకుండ ప్రక్కన పెట్టుడు. అందులో మొదటిభాగము టైర్లకు కాదు. చీలమండను కాపాడు గట్టి బూట్లకు, మోకాలి కవచములకు, మంచి హెల్మెట్టునకు. రిజర్వు ఫారెస్టులోనికిని, రైతు పొలముగట్టు మీదికిని బండి నెక్కింపవలదు. వెనుకటి రోజులలో అడ్డగించువారు లేకుండిన చోట్ల నేడు కంచెలున్నవి, వానికి కారణములు కూడ ఉన్నవి. మొదటి కొన్ని వారములు ఒంటరిగా పోవలదు. మీ బండి నెత్తగల ఒక తోడును, మంచినీరును వెంట నుంచుకొనుడు. ఇంటివారికి ఏ దారిన పోవుచున్నారో, ఎన్ని గంటలకు తిరిగి వత్తురో చెప్పి బయలుదేరుడు.